పొడవులు కుదరని లెక్కలు

ఒక జాబితాలో మూడు సంఖ్యలు, మరో జాబితాలో రెండు. మొదటిదానికి మొదటిది, రెండోదానికి రెండోది కలుపుతూ పోతే మూడో సంఖ్యకు జోడు దొరకదు. అప్పుడు యంత్రం ఏం చేయాలి? సంఖ్యల వరుసలను, పట్టికలను, అంటే అర్రేలను మొత్తంగా పట్టుకుని లెక్కలు చేసే ప్రోగ్రామింగ్ భాషలన్నిటికీ ఈ ప్రశ్న ఎదురైంది. ఆగిపోయి తప్పు చెప్పడం ఒక దారి. పొట్టి జాబితాను సాగదీసి సరిపెట్టడం రెండోది. ఏమీ పట్టించుకోకుండా, మెమరీలో పక్కన ఏముంటే అది తీసుకుని లెక్క కానిచ్చేయడం మూడోది. అరవై ఏళ్లకు పైబడిన ఈ చరిత్రలో మూడు దారులూ తొక్కినవాళ్లున్నారు. ఒకే భాష ఒక దారి వదిలి మరో దారి పట్టిన సందర్భాలూ ఉన్నాయి.

నియమం మాత్రం కంప్యూటర్ల కంటే చాలా పాతది. మాత్రికకు ఇంగ్లీషులో ఇప్పుడున్న పేరు పెట్టింది జె.జె. సిల్వెస్టర్, 1850లో. ఆర్థర్ కేలీ 1858లో వెలువరించిన వ్యాసంలో మాత్రికల కూడికకు, గుణకారానికి ఒక బీజగణితం కట్టాడు. ఇంటర్ గణితంలో మాత్రికల పాఠం మొదట్లో వచ్చే షరతులే ఇవి: కూడాలంటే రెండు మాత్రికల తరగతి ఒకటే కావాలి, గుణించాలంటే మొదటిదాని నిలువువరుసల సంఖ్య రెండోదాని అడ్డువరుసల సంఖ్యకు సమానం కావాలి. షరతు కుదరకపోతే లబ్ధం నిర్వచితం కాదని రాసి విద్యార్థి తరువాతి లెక్కకు పోతాడు. యంత్రానికి ఆ వెసులుబాటు లేదు. ఆజ్ఞ అందాక అక్కడ ఏదో ఒకటి జరిగి తీరుతుంది.

1957లో ఐబీఎం 704 యంత్రం కోసం జాన్ బ్యాకస్ బృందం తెచ్చిన ఫోర్‌ట్రాన్‌లో అర్రేకు మూడు డైమెన్షన్ల వరకు ఉండవచ్చు. నిజానికి ఆ ఫోర్‌ట్రాన్‌ను అర్రే భాష అనకూడదు. అందులో అర్రేలోని సంఖ్యలను లూపు తిప్పుతూ ఒక్కొక్కటిగా తీసుకోవాలి. అయినా తరువాతి భాషలు దేన్నుంచి తప్పించుకోవాలని చూశాయో తెలియాలంటే ఇక్కడ కాసేపు ఆగక తప్పదు. కంప్యూటర్ మెమరీకి అడ్డం, నిలువు తెలియవు. అది ఒకే పొడవాటి వరుస. ఫోర్‌ట్రాన్ పట్టికను నిలువువరుస తరువాత నిలువువరుసగా అందులో పరుస్తుంది. 1958 నాటి ఫోర్‌ట్రాన్ 2లో సబ్‌రొటీన్లను విడివిడిగా కంపైల్ చేసుకునే వీలు వచ్చింది. సబ్‌రొటీన్‌కు అర్రేను ఇచ్చినప్పుడు అందేది దాని మొదటి సంఖ్య ఉన్న చిరునామా మాత్రమే. అడ్డువరుసలెన్ని, నిలువువరుసలెన్ని అన్న సమాచారం వెంట రాదు.

దీని పర్యవసానం ఒక చిన్న ఉదాహరణలో తేలిపోతుంది. ప్రధాన ప్రోగ్రాంలో 10 × 10 పట్టిక ప్రకటించి, ఎడమవైపు పై మూలలో 3 × 3 మాత్రికను నింపారు. సబ్‌రొటీన్‌లో అదే పట్టికను 3 × 3 అని ప్రకటించారు. మొదటి నిలువువరుస సరిగ్గానే అందుతుంది. రెండో నిలువువరుస అనుకుని సబ్‌రొటీన్ తీసుకునేది మాత్రం అసలు పట్టికలోని మొదటి నిలువువరుసలో 4, 5, 6 స్థానాలను. అక్కడ ఎవరూ ఏమీ నింపలేదు. మూడోదానికి 7, 8, 9 స్థానాలు వస్తాయి. ప్రోగ్రాం ఆగదు, ఫిర్యాదు చేయదు, జవాబు అచ్చు వేస్తుంది. ఆ జవాబుకూ అసలు లెక్కకూ సంబంధం ఉండదు.

మాత్రికల లెక్కల కోసం 1979లో విడుదలైన లిన్‌ప్యాక్ అనే ఫోర్‌ట్రాన్ గ్రంథాలయపు రొటీన్లలో అర్రే పక్కనే ఎల్‌డీఏ అనే ఇంకో అంకె కనిపించేది ఇందుకే. పట్టిక ప్రకటించినప్పుడు అడ్డువరుసలెన్ని అన్నారో ఆ సంఖ్యను ప్రోగ్రామరే మోసుకొచ్చి అందించాలి. తరువాత బ్లాస్, లాప్యాక్ గ్రంథాలయాలు ఆ అంకెను పైపైన తనిఖీ చేసి, నప్పకపోతే ఎక్సెర్బ్లా అనే రొటీన్ ద్వారా ఒక వాక్యం అచ్చు వేయించాయి. మాత్రికలను గుణించే డీజెమ్ రొటీన్‌కు ఇచ్చిన పారామీటర్లలో 8వది చెల్లదు అన్న తరహాలో ఉంటుంది అది. ఎనిమిదోది ఏమిటో వేళ్ల మీద లెక్కపెట్టుకోవాలి. తీరా చూస్తే అది ఎల్‌డీఏ. అందులోనూ తనిఖీకి ఒక హద్దుంది. ఆ అంకె మరీ చిన్నదైతే పట్టుకోగలదు కానీ, అసలు ప్రకటనతో సరిపోతుందో లేదో రొటీన్‌కు తెలిసే మార్గమే లేదు.

ఇంకో దారి హార్వర్డ్‌లో మొదలైంది. కెనడాకు చెందిన కెనెత్ ఐవర్సన్ అక్కడ పాఠాలు చెప్పడానికి 1950ల చివర్లో ఒక సంకేత లిపి తయారు చేసుకున్నాడు. తొలుత అది యంత్రానికి ఆజ్ఞలిచ్చే భాష కాదు, నల్లబల్ల మీద రాసే గణితం. ఆ లిపిలో వరుసలు, పట్టికలు ఒక్కో సంఖ్యకున్నంత హోదాతో ఉంటాయి. రెండు పట్టికల మధ్య కూడిక గుర్తు పెడితే చాలు, లూపు అక్కర్లేదు. 1960లో ఐవర్సన్ ఐబీఎంలో చేరాడు. 1962లో ‘ఎ ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్’ పుస్తకం వచ్చింది. దాని పేరులోని మొదటి అక్షరాలతో ఏపీఎల్ అన్న పేరు సూచించింది ఆయన సహచరుడు ఆడిన్ ఫాల్కాఫ్. లారీ బ్రీడ్, డిక్ లాత్‌వెల్, రోజర్ మూర్ ముఖ్యులుగా సాగిన పనితో 1966 చివరికి ఏపీఎల్\360 అనే ఇంటర్‌ప్రెటర్ నడవడం మొదలుపెట్టింది.

ఏపీఎల్ తెచ్చిన అసలు మార్పు గుర్తుల్లో కంటే లోపలి ఏర్పాటులో ఉంది. ఇంటర్‌ప్రెటర్ ప్రతి అర్రేతో పాటు దాని ఆకారాన్నీ దాచుకుంటుంది: ఎన్ని డైమెన్షన్లు, ఒక్కో డైమెన్షన్ పొడవెంత అన్నది. లెక్క మొదలుపెట్టే ముందు రెండు ఆకారాలనూ పోల్చి చూడటం అందుకే సాధ్యమైంది. 1 2 3 + 4 5 అని టైపు చేస్తే మూడు పంక్తులు వస్తాయి. మొదటి పంక్తిలో ‘లెంగ్త్ ఎర్రర్’ అనే రెండు మాటలు, రెండో పంక్తిలో వాడుకరి రాసిన వాక్యం యథాతథంగా, మూడో పంక్తిలో తప్పు ఎక్కడ జరిగిందో ఆ గుర్తు కింద ఒక చిన్న బాణపు మొన. డైమెన్షన్ల సంఖ్యే వేరైతే, అంటే పట్టికను వరుసతో కూడబోతే, వచ్చేది ‘ర్యాంక్ ఎర్రర్’. ఈ రెండిటినీ విడదీయడం చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ, వాటి మూలాలు వేరు. పొడవు తేడా సాధారణంగా దత్తాంశంలో లోపం. ర్యాంకు తేడా ప్రోగ్రామర్ ఆలోచనలో లోపం.

ఆ రోజుల్లో ఏపీఎల్ వాడుకరి కూర్చునేది ఐబీఎం 2741 అనే టెర్మినల్ ముందు. తెర ఉండదు, గుండ్రని టైప్ బంతితో కాగితం మీద సెకనుకు సుమారు 15 అక్షరాలు కొట్టే టైప్‌రైటర్ అది. పెద్ద సందేశం రావాలంటే చేతులు కట్టుకుని చూస్తూ ఉండాలి. రెండు మాటల సందేశం ఆ యంత్రానికి తగినదే. సందేశం పొట్టిదైనా పని అక్కడితో ఆగేది కాదు. తప్పు వచ్చిన ఫంక్షన్ ఆ పంక్తి దగ్గరే నిలిచిపోతుంది, దాని లోపలి చరరాశులు చెక్కుచెదరవు. వాటి పొడవులు అడిగి చూసుకుని, సరిచేసి, అక్కడి నుంచే మళ్లీ నడిపించవచ్చు. లక్షణమైన సందేశం ఇచ్చి ప్రోగ్రాంను మొత్తంగా చంపేసే నేటి ఏర్పాట్ల కంటే ఇది మెరుగన్న అభిమానం పాత ఏపీఎల్ వాళ్లలో ఉంటే దానికి కారణముంది.

కఠినంగా కనిపించే ఏపీఎల్ కూడా ఒక చోట పట్టు సడలించింది. ఒకే సంఖ్యను వరుసతో కూడితే, ఆ సంఖ్య వరుస పొడవంతా సాగుతుంది: 10 + 1 2 3 అంటే 11 12 13. ఇది లేకపోతే భాష వాడకానికి పనికిరాదు. అయితే ఏక సంఖ్యకే కాక, ఒకే సంఖ్య ఉన్న వరుసకూ ఈ సాగుడు వర్తిస్తుంది. దీంతో ఒక సన్నని సందు మిగిలింది. పెద్ద దత్తాంశం నుంచి ఏదో షరతు మీద ఎంచిన వరుస రోజూ పది సంఖ్యలిచ్చి ఒకరోజు ఒక్కటే ఇస్తే, రావలసిన ఎర్రర్ రాదు. ఆకారం మార్చే ఫంక్షన్ మరీ ఉదారం. 1 2 అనే వరుసను 2 × 3 పట్టికగా మార్చమంటే చాలని సంఖ్యల కోసం మళ్లీ మొదటికి వెళ్లి, పై వరుసలో 1 2 1, కింది వరుసలో 2 1 2 నింపేస్తుంది. కానీ ఇక్కడ వాడుకరి తనకు ఏ ఆకారం కావాలో నోరారా చెప్పాడు. కూడికలో అలా చెప్పడం ఉండదు.

ఐవర్సన్ 1990లో రోజర్ హుయ్‌తో కలిసి జె అనే కొత్త భాష తెచ్చాడు. ఏపీఎల్‌లో ర్యాంక్ ఎర్రర్ వచ్చే చోట జె ఒక అర్థం కల్పించింది: రెండు ఆకారాల్లో పొట్టిది పెద్దదానికి మొదటి భాగంగా సరిపోతే చాలు. 2 × 3 పట్టికకు 10 20 కూడితే పై అడ్డువరుసకు 10, కింది అడ్డువరుసకు 20 చేరతాయి. మూడు సంఖ్యలు ఇస్తే లెంగ్త్ ఎర్రర్. పైథాన్‌లోని నంపై గ్రంథాలయం సరిగ్గా దీనికి తిరగబడి ఉంటుంది. అది ఆకారాలను చివరి నుంచి పోలుస్తుంది కాబట్టి అదే పట్టికకు మూడు సంఖ్యలు కూడవచ్చు, రెండు ఇస్తే ఎర్రర్. ఏపీఎల్‌లో రెండిచ్చినా మూడిచ్చినా ర్యాంక్ ఎర్రరే. ఒకే కూడికకు మూడు భాషల్లో మూడు తీర్పులు, దేనికదే తర్కబద్ధం. ఒక భాషలో తప్పు అనిపించుకున్న లెక్క ఇంకో భాషలో ఒప్పు కావడం వల్ల, ప్రోగ్రాంను ఒకదాని నుంచి ఒకదానికి తర్జుమా చేసేవాళ్లు పడే అవస్థ ఇంతింత కాదు.

గణాంక శాస్త్రవేత్తలు మరీ ముందుకు వెళ్లారు. 1976లో బెల్ ల్యాబ్స్‌లో జాన్ ఛాంబర్స్, సహచరులు మొదలుపెట్టిన ఎస్ భాషకూ, దాని వారసురాలిగా ఆక్లండ్ విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ తయారుచేసిన ఆర్ భాషకూ ఒక అలవాటుంది. పొట్టి వరుస అయిపోతే దాన్ని మళ్లీ మొదటి నుంచి వాడుకుంటాయి. ఆరు సంఖ్యలకు రెండు సంఖ్యలు కూడితే ఆ రెండూ మూడుసార్లు తిరుగుతాయి. పొడవు వరుస పొట్టిదానికి గుణిజం కాకపోతే ఆర్ ఒక హెచ్చరిక ఇస్తుంది, జవాబూ ఇస్తుంది. గుణిజమైతే అసలు నోరు మెదపదు.

ఇందులో ఉన్న విపరీతం గమనించదగ్గది. ఒక వరుసలో 12 నెలల అంకెలున్నాయి. రెండో వరుసలోనూ 12 ఉండాలి, కానీ ఖాళీగా ఉన్న ఒక నెలను తీసేయడంతో 11 మిగిలాయి. ఆర్ హెచ్చరిస్తుంది. అదే ఆరు నెలలు పోయి ఆరే మిగిలితే, 12కు 6 చక్కగా సరిపోతుంది కనుక మౌనంగా జనవరి అంకెనే జులైకీ వాడేస్తుంది. చిన్న లోపం దొరుకుతుంది, పెద్ద లోపం జారిపోతుంది. మాత్రికల విషయంలో ఆర్ ఇంత ఉదారం కాదు. రెండు మాత్రికల ఆకారాలు నప్పకపోతే ‘నాన్ కన్‌ఫార్మబుల్’ అని ఆపేస్తుంది. కానీ మాత్రిక నుంచి ఒక్క అడ్డువరుసను తీస్తే అది మాత్రికగా మిగలదు, మామూలు వరుస అయిపోతుంది. అక్కడి నుంచి పాత ఉదారత మళ్లీ అమల్లోకి వస్తుంది. తరువాతి తరం ఈ పద్ధతిని కొంత సరిదిద్దింది. టిబుల్ అనే పట్టికల ప్యాకేజీలో ఒకే సంఖ్య ఉంటేనే సాగుతుంది, ఇంకెన్ని ఉన్నా పొడవు సరిపోవాలి. 2022లో వచ్చిన ఆర్ 4.2.0లో, ఒకే నిజం లేదా అబద్ధం ఉండాల్సిన ఇఫ్ షరతులో పొడవాటి వరుస పెడితే హెచ్చరిక పోయి ఎర్రర్ వచ్చింది. అంతకుముందు మొదటి విలువను మాత్రం చూసి మిగతావి వదిలేసేది.

మాట్‌ల్యాబ్ కథ దీనికి ఎదురు దిశలో నడిచింది. న్యూ మెక్సికో విశ్వవిద్యాలయంలో క్లీవ్ మోలర్ 1970ల చివర్లో, విద్యార్థులు ఫోర్‌ట్రాన్ రాయకుండానే లిన్‌ప్యాక్‌ను, అలాంటిదే అయిన ఐస్‌ప్యాక్‌ను వాడుకోవడానికి దీన్ని రాశాడు. 1984లో మాత్‌వర్క్స్ కంపెనీ ఏర్పడి దీన్ని సరుకుగా మార్చింది. తొలి మాట్‌ల్యాబ్‌లో ఉన్నది ఒకే రకం వస్తువు, మాత్రిక. ఏక సంఖ్య అంటే 1 × 1 మాత్రిక, వరుస అంటే 1 × 3 లేదా 3 × 1. కాబట్టి అడ్డువరుసను నిలువువరుసతో కూడటం తప్పు. మాట్‌ల్యాబ్ నేర్చుకున్న ప్రతి ఇంజనీరింగ్ విద్యార్థికీ ‘మ్యాట్రిక్స్ డైమెన్షన్స్ మస్ట్ అగ్రీ’ అన్న వాక్యం, గుణకారంలోనైతే ముందు ‘ఇన్నర్’ చేర్చిన దాని తోబుట్టువు, మొదటి ల్యాబ్ తరగతిలోనే పరిచయమయ్యేవి. చుక్క పెట్టిన గుణకారం గుర్తు సంఖ్యకు సంఖ్యను గుణిస్తుంది, చుక్క లేనిది మాత్రికల గుణకారం చేస్తుంది. చుక్క మరిచిపోవడం సర్వసాధారణం. ఎంత సాధారణమంటే, ఇటీవలి సందేశాల్లో చుక్క సంగతిని మాట్‌ల్యాబే గుర్తుచేస్తుంది.

ఆ కట్టుబాటును మొదట సడలించింది మాట్‌ల్యాబ్‌కు ఉచిత ప్రత్యామ్నాయమైన ఆక్టేవ్. 2012 నాటి 3.6 వెర్షన్‌లో అది ఆకారాలను తనంతట తానే సాగదీయడం మొదలుపెట్టింది. సాగదీసిన సంగతి హెచ్చరికగా చెప్పే మర్యాద మాత్రం పాటించింది. మాట్‌ల్యాబ్‌లో 2007 నుంచి ఈ పనికి బీఎస్‌ఎక్స్‌ఫన్ అనే ప్రత్యేక ఫంక్షన్ ఉండేది. కావాలని పిలిస్తేనే సాగేది. 2016 రెండో విడుదలతో ఆ సాగుడు మామూలు కూడికలోకే వచ్చేసింది. అడ్డువరుస, నిలువువరుస కూడితే ఇప్పుడు ఎర్రర్ రాదు, పట్టిక వస్తుంది. 10,000 సంఖ్యల అడ్డువరుసకు 10,000 సంఖ్యల నిలువువరుస పొరపాటున కూడితే 10 కోట్ల సంఖ్యల పట్టిక పుడుతుంది. ఒక్కో సంఖ్యకు 8 బైట్ల చొప్పున 80 కోట్ల బైట్లు. యంత్రం నెమ్మదిస్తే తప్ప ఎవరికీ అనుమానం రాదు. రాసే పని తగ్గిందన్నది నిజమే. కానీ మూడు దశాబ్దాలకు పైగా విద్యార్థులకు అడ్డం, నిలువు తేడా నేర్పిన ఎర్రర్‌ను తీసేసి దాని స్థానంలో ఏమీ పెట్టకపోవడం మంచి బేరం అనిపించదు.

సాగదీయడానికి అంత ఆదరణ రావడానికి కారణం పైథాన్. 1995లో జిమ్ హ్యూగునిన్ ముఖ్యుడిగా వచ్చిన న్యూమెరిక్, ఆ తరువాత ట్రావిస్ ఒలిఫాంట్ చేతుల మీదుగా 2006లో 1.0 వెర్షన్‌కు చేరిన నంపై, ఈ పద్ధతిని బ్రాడ్‌కాస్టింగ్ పేరుతో కేంద్రంలో పెట్టాయి. నియమం చిన్నది. ఆకారాలను కుడి చివర నుంచి పోల్చాలి. పొడవులు సమానం కావాలి, లేదా ఒకటి 1 కావాలి, లేదా అక్కడ డైమెన్షనే లేకపోవాలి. కుదరకపోతే నంపై రెండు ఆకారాలనూ అంకెలతో సహా చూపిస్తుంది. ఏపీఎల్ పొట్టి సందేశం చెప్పని విషయం ఇదే. ఎర్రర్ వచ్చినప్పుడు నంపై మంచి సాక్షి. చిక్కంతా రానప్పుడే.

మూడు అసలు విలువలు 1, 2, 3. ఒక మోడల్ అంచనాలు కూడా సరిగ్గా 1, 2, 3. కానీ అవి 3 × 1 నిలువు పట్టికగా ఉన్నాయి, అసలు విలువలు మామూలు వరుసగా ఉన్నాయి. ఒకదాన్నుంచి ఒకటి తీసేస్తే మూడు సున్నాలు రావాలి. నంపై ఇచ్చేది 3 × 3 పట్టిక: ప్రతి అంచనా నుంచి ప్రతి అసలు విలువనూ తీసేసిన తొమ్మిది తేడాలు. వాటి వర్గాల మొత్తం 12, సగటు సుమారు 1.33. ఉండాల్సింది 0. చివరికి చేతికి వచ్చేది ఒకే సంఖ్య కాబట్టి లోపల తొమ్మిది ఉన్నాయో మూడు ఉన్నాయో బయటికి కనపడదు. నాడీజాల నమూనాలకు శిక్షణ ఇచ్చేటప్పుడు ఇదే జరిగితే శిక్షణ ఆగదు, ఫలితం మాత్రం నాసిరకంగా వస్తుంది. తప్పు మోడల్‌లో ఉందనుకుని రోజులు పోతాయి. అలాంటి శిక్షణకు వాడే పైటార్చ్ గ్రంథాలయం ఈ ఒక్క చోటుకు ప్రత్యేకంగా హెచ్చరిక చేర్చింది. సగటు వర్గ దోషం లెక్కించే ఫంక్షన్‌కు ఇచ్చిన రెండు ఆకారాలు వేరైతే, సాగదీయడం వల్ల ఫలితం తప్పు కావచ్చని చెబుతుంది.

2012లో బయటికొచ్చిన జూలియా భాష మధ్యేమార్గం పట్టింది. మామూలు కూడిక గుర్తుతో పొడవులు కుదరకపోతే ‘డైమెన్షన్ మిస్‌మ్యాచ్’ అని ఆగుతుంది. సాగదీయాలంటే గుర్తు ముందు చుక్క పెట్టాలి. చదివేవాడికి ఆ చుక్క చూడగానే ఇక్కడ ఆకారం మారవచ్చని తెలుస్తుంది. ఇన్ని ఏర్పాట్లలో న్యాయంగా తోచేది ఇదే. సాగదీసే సౌకర్యం పోలేదు, అడగకుండా సాగదీయడం మాత్రం పోయింది.

డైమెన్షన్లకు పేర్లు పెట్టడం మరో ప్రయత్నం. ఒక పట్టికలో మొదటిది కాలం, రెండోది అక్షాంశం అని రాసి ఉంటే పొడవులు యాదృచ్ఛికంగా సమానమైనా కాలాన్ని అక్షాంశంతో కలపడం జరగదు. వాతావరణ దత్తాంశాలతో పనిచేసేవాళ్లు 2014 నుంచి ఎక్స్‌అర్రే గ్రంథాలయంలో ఇలాగే పనిచేస్తున్నారు. 2019లో అలెగ్జాండర్ రష్ డైమెన్షన్లకు పేర్లు లేని టెన్సర్లు, అంటే అర్రేలు, హానికరమని వాదిస్తూ వ్యాసం రాశాడు. అదే ఏడాది పైటార్చ్ 1.3లో పేర్లున్న టెన్సర్లు ప్రయోగాత్మకంగా వచ్చాయి.

ప్రోగ్రాం నడవకముందే తప్పు పట్టుకోవాలన్న కోరిక కూడా పాతదే. ఫోర్‌ట్రాన్ 90లో అర్రేల మధ్య నేరుగా కూడిక రాసే వీలు కల్పించి, ఆకారాలు కుదరాలని ప్రమాణం నిర్దేశించింది. కంపైల్ చేసేటప్పుడు పొడవులు తెలియకపోతే ఆ బాధ్యత ప్రోగ్రామర్‌దే. 2020లో వచ్చిన జీఫోర్‌ట్రాన్ కంపైలర్ 10వ వెర్షన్ సబ్‌రొటీన్‌కు ఇచ్చే అర్రేల రకం, ర్యాంకు పొంతన లేకపోవడాన్ని ఎర్రర్‌గా మార్చేసరికి, ఏళ్ల తరబడి నడుస్తున్న ఎన్నో పాత ప్రోగ్రాంలు కంపైల్ కాలేదు. వాటిని నడిపించడానికి పాత ఉదాసీనతను తిరిగి తెచ్చే ఒక ఆప్షన్ కూడా కంపైలర్ రచయితలే ఇవ్వాల్సి వచ్చింది. 2014లో జస్టిన్ స్లెపాక్, ఓలిన్ షివర్స్, పనగియోటిస్ మనోలియోస్ రెమోరా భాషతో ఏపీఎల్ తరహా ఆకారాలను టైపుల్లోకి ఎక్కించవచ్చని చూపించారు. కోపెన్‌హేగన్ విశ్వవిద్యాలయంలో తయారైన ఫ్యూథార్క్‌లో ఫంక్షన్ టైపులోనే పొడవులు రాస్తారు. రెండు వరుసలకూ ఒకే పొడవు గుర్తు ఉంటే, కుదరని వరుసలతో పిలిచిన ప్రోగ్రాం కంపైల్ కాదు. షరతు మీద ఎంచిన సంఖ్యలు ఎన్ని మిగులుతాయో, ఫైలు నుంచి ఎన్ని వస్తాయో కంపైలర్‌కు ముందు తెలియదు. అలాంటి చోట పొడవు ఇంత అని ప్రోగ్రామర్ రాసి ఇవ్వాలి. నడిచేటప్పుడు అది నిజం కాకపోతే ఫ్యూథార్క్ ప్రోగ్రాం అక్కడే ఆగిపోతుంది.